రజాకార్ల కాలంలో ఊరు విడిచిన పిల్లలు: మా నాయనమ్మ తలదాచుకున్న ఊరు కనుక్కోవడానికి సాయం కావాలి

మూసీ ఒడ్డు | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కోదాడ దగ్గర పల్లె. ఉద్యోగం వల్ల సూర్యాపేటలో ఉంటున్నాను. మా నాయనమ్మకు 85 దాటాయి. మొన్న ఆమెను పెద్దగట్టు జాతరకు తీసుకుపోయాం. జనంలోకి అడుగు పెట్టగానే నా బిడ్డ చేయి పట్టుకుని, తన కొంగు చివర ఆ పిల్ల మణికట్టుకు ముడి వేసింది. "ఎందుకే నాయనమ్మా, నేను పట్టుకుంటా కదా" అంటే, "చెయ్యి జారుతది, ముడి జారదు" అన్నది.

ఆ రాత్రి ఇంటికొచ్చాక అడిగితే చెప్పింది. రజాకార్ల కాలంలో వాళ్లు ఊరు విడిచి పోయినప్పుడు వాళ్లమ్మ ముగ్గురు పిల్లలనూ అట్లాగే కట్టిందట. కొంగుకు నాయనమ్మ, నాయనమ్మ లంగా అంచుకు ఐదేండ్ల తమ్ముడు. చంటి చెల్లె చంకలో. ఏడిస్తే వినపడుతుందని బెల్లం ముక్క గుడ్డలో మూటకట్టి దాని నోట్లో పెట్టారు. పోయేముందు వాళ్ల నాయిన కొట్టంలోకి పోయి గొడ్ల తలుగులన్నీ విప్పేసి వచ్చాడు. ఇల్లు కాలిస్తే గొడ్లన్నా బతుకుతాయని. ఒక బర్రె చాలా దూరం వీళ్ల వెనకే వచ్చిందట. రాళ్లు విసిరి వెనక్కి తోలారు. 77 ఏండ్ల తర్వాత కూడా ఆ బర్రె దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు పోతుంది.

రాత్రంతా నడిచారు. తర్వాత కొన్ని నెలలు ఏదో ఊళ్లో చింతతోపులో తాటాకు గుడిసెలో ఉన్నారు. ఆ ఊరి పేరు ఆమెకు తెలియదు. అక్కడ వీళ్లకు అన్నం పెట్టినామె పేరు మాత్రం "పాలేటత్త" అంటుంది. ఆమె మొగుడు ఎవరింట్లోనో పాలేరుగా ఉండేవాడు కాబట్టి ఆ పేరు అని మా ఇంట్లో అనుకుంటాం.

ఆ ఊరు ఏదై ఉంటుంది? ఆమె ఉండగానే ఒక్కసారి తీసుకుపోవాలని ఉంది. మీ ఇండ్లలో ఇట్లా పిల్లలప్పుడు పోయినవాళ్లు ఉంటే వాళ్లేం చెప్పారో కూడా రాయండి.

సోషల్ సారు నల్లగొండ | శుక్రవారం, రాత్రి 10:25

తమ్ముడూ, మంచి పని మొదలుపెట్టావు. నేను ముప్పై ఏండ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పాను. ఆ పాఠంలో పిల్లల గురించి ఒక్క వాక్యం ఉండేది కాదు.

కొత్తవాళ్ల కోసం కొంచెం నేపథ్యం. 1946 జూలై 4న కడవెండిలో సంఘం మనిషి దొడ్డి కొమరయ్య చనిపోయినప్పటి నుంచి మన జిల్లాలో సంఘం (దొరల మీద కొట్లాడిన ఆంధ్ర మహాసభను ఊళ్లలో అట్లా అనేవాళ్లు) ఉన్న ప్రతి ఊరి మీదా దాడులే. లెవీ ధాన్యం (సర్కారుకు తప్పనిసరిగా ఇవ్వాల్సిన పంట) పేరిట వచ్చేవాళ్లు, దొరల గూండాలు వచ్చేవాళ్లు, నిజాం పోలీసులు వచ్చేవాళ్లు. 1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది కానీ హైదరాబాద్ సంస్థానం కలవలేదు. నవంబర్ 29న యథాతథ ఒప్పందం (ప్రస్తుతానికి ఉన్నది ఉన్నట్టే సాగనిద్దామని నిజాంకూ ఢిల్లీకీ మధ్య ఒప్పందం) అయింది. ఆ తర్వాత నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన ఖాసిం రజ్వీ దండు, అంటే రజాకార్ల జోరు ఇంకా పెరిగింది. మగవాళ్లు చేలల్లో, గుట్టల్లో పడుకునేవాళ్లు. ఆడవాళ్లను, పిల్లలను సరిహద్దు దాటించేవాళ్లు. సరిహద్దు అంటే అప్పుడు మద్రాసు రాష్ట్రం. తూర్పున కృష్ణా జిల్లా, దక్షిణాన గుంటూరు, కర్నూలు. అక్కడి ఊళ్లలో శిబిరాలు ఉండేవి. కొన్నింటిని స్టేట్ కాంగ్రెస్ వాళ్లు నడిపారు. ఎక్కువమంది మాత్రం చుట్టాల పంచన, చెట్ల కింద ఉన్నవాళ్లే.

మీ ఊరి నుంచి అయితే మునగాల పరగణా కావచ్చు. మునగాల ఇప్పుడు మన జిల్లాలాగే అనిపిస్తుంది కానీ అప్పట్లో అది కృష్ణా జిల్లాది. చుట్టూ నిజాం నేల, నడుమ బ్రిటిష్ నేల. 1959లో గానీ నల్లగొండలో కలవలేదు. కోదాడ నుంచి ఒక్క రాత్రిలో నడిచిపోవచ్చు.

హాలీ సిక్క | శుక్రవారం, రాత్రి 11:02

నేను పాత నాణేలు పోగు చేస్తాను, అందుకే ఈ ప్రశ్న. నాయనమ్మకు డబ్బుల గురించి ఏమన్నా గుర్తుందా? మన దగ్గర హాలీ సిక్కా నడిచేది, చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి. సరిహద్దు అవతల కల్దార్, అంటే ఇంగ్లీషు రాజు బొమ్మది. 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు లెక్క. ఊరు విడిచిపోయినవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. ఇంట్లో దాచుకున్నదంతా మూటగట్టుకుని పోతే, అక్కడి అంగట్లో అది చెల్లేది కాదు. మార్చేవాడు తనకు తోచినంత కోసుకునేవాడు.

పాలమూరు పిల్లగాడు | శనివారం, ఉదయం 6:15

మా నాయినది కొల్లాపూర్ దిక్కు. కృష్ణ ఒడ్డున సోమశిల దగ్గర. ఆయనకు అప్పుడు పదేండ్లు. వాళ్లు పోయింది నడిచి కాదు, పుట్టిలో. పుట్టి తెలియనివాళ్లకు: వెదురు తడికతో గుండ్రంగా అల్లి పైన తోలు కప్పిన గంప లాంటిది. తెడ్డు వేస్తే ముందుకు పోయినట్టే పోయి తిరుగుతుంది. అవతలి ఒడ్డు సంగమేశ్వరం, అప్పటి కర్నూలు జిల్లా.

మా నాయిన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నా: "పుట్టిల పదిమంది పిల్లలం. మా అమ్మ ఒడ్డు మీదనే ఉండిపోయింది, ముసలమ్మను ఇడిసి రాలేక. పుట్టి తిరుగుతాంది కదా, ఒకసారి మా అమ్మ కనపడ్తది, ఒకసారి కనపడదు. మల్లా కనపడ్తది. సగం నదికి పోయేసరికి ఎన్నిసార్లు తిరిగినా కనపడలే."

ఈ ముక్క ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు, 2009లో కృష్ణ వరదకు మా ఊరి పొలాలు మునిగినప్పుడు. ఆయన దాటిన రేవు ఇప్పుడు శ్రీశైలం జలాశయంలో ఉంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. రెండుసార్లు తీసుకుపోయాను. గుడిలోకి పోయేవాడు కాదు. ఒడ్డున నిలబడి ఇవతలి దిక్కు చూసేవాడు.

వాళ్లమ్మ బతికే ఉంది. పోలీసు చర్య (1948 సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యం సంస్థానంలోకి రావడం) తర్వాత మళ్లీ కలిశారు. ఆమె మాత్రం కొడుకును మొదట గుర్తుపట్టలేదట, తల గొరిగించి వేరే అంగీ తొడిగి ఉండటంతో.

మూసీ ఒడ్డు | శనివారం, ఉదయం 8:50

పాలమూరు అన్నా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

హాలీ సిక్క గారూ, మీ ప్రశ్న నాయనమ్మను అడిగాను. ఆమె లేచి కూర్చుంది! వాళ్ల నాయిన వెనక్కి పోయేటప్పుడు (ఆయన పిల్లలను దించి తిరిగి ఊళ్లోకి పోయాడు, సంఘం మనిషి) మూడు రూపాయలు ఇచ్చి పోయాడు. వాళ్లమ్మ ఒక రూపాయి ఈమె చేతిలో పెట్టి ఉప్పు, నూకలు తెమ్మన్నది. అంగడాయన రూపాయి తిప్పి తిప్పి చూసి "ఇది మీ నైజాం రూపాయి పాపా, ఇక్కడ పనికిరాదు" అని గల్లాపెట్టె అంచు మీద పెట్టాడట. ఎనిమిదేండ్ల పిల్ల. రూపాయి దొంగది అనుకుంటున్నాడేమో అని భయపడి ఏడుస్తూ పరుగెత్తింది. దారిలో కనపడిన ఒకామె ఆపి, సంగతి విని, ఆ రూపాయి తీసుకుని తన రొండిన ఉన్న కల్దార్ రూపాయి ఇచ్చింది. పైసా కోయకుండా. ఆమే పాలేటత్త. అట్లా పరిచయం.

ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా నాయినకు కూడా.

సోషల్ సారు నల్లగొండ | శనివారం, ఉదయం 9:30

ఇది మామూలు సంగతి కాదు. రాసి పెట్టుకో తమ్ముడూ, తారీఖు వేసి. ఫోన్‌లో రికార్డు కూడా చెయ్యి.

నిన్న లండన్‌లో ఉన్న మా అల్లుడితో మాట్లాడాను. అక్కడ బడి పిల్లలకు రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో తమ తాతమ్మల కథలే చెప్తారట. 1939 సెప్టెంబర్ 1న మొదలుపెట్టి మూడు రోజుల్లో సుమారు 15 లక్షల మందిని, ఎక్కువగా పిల్లల్ని, పట్టణాల నుంచి పల్లెలకు పంపించారు. ప్రతి పిల్లవాడి కోటుకు పేరు, బడి రాసిన చీటీ. భుజాన విషవాయువు ముసుగు డబ్బా. పిల్లను పెట్టుకున్న ఇంటికి వారానికి 10 షిల్లింగుల 6 పెన్నీలు సర్కారే ఇచ్చేది. అక్కడా కష్టాలున్నాయి, కొందరి ఇండ్లలో పిల్లల్ని పనిమనుషుల్లా చూశారు, కొందరు పిల్లలు ఏండ్ల తరబడి తల్లిని చూడలేదు. కానీ ఎవరు ఎక్కడికి పోయారో కాగితం ఉంది.

మన పిల్లల అంగీకి చీటీ ఎవరు కుడతారు? పేరు తెలిస్తేనే ప్రమాదం కదా! సంఘం మనిషి కొడుకు అని తెలిస్తే దారిలో పట్టుకుంటారని పిల్లలకు వేరే పేర్లు నేర్పి పంపించారు. కాగితం లేదు కాబట్టి ముసలివాళ్ల నోరే మనకు రికార్డు.

దేవరకొండ అక్క | శనివారం, ఉదయం 11:10

సారు పేర్ల మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నా. మా అమ్మకు రెండు పేర్లు. ఒకటి పుట్టినప్పుడు పెట్టింది, ఒకటి 1949లో పెట్టింది. మా తాత దళంలో (పోరాటంలో ఆయుధాలు పట్టిన గుంపులో) ఉండేవాడు. రజాకార్లు పోయారు, యూనియన్ సైన్యం వచ్చింది, కానీ దళాల వాళ్ల ఇండ్లకు శాంతి రాలేదు. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా అంతే. మా అమ్మను ఒక చుట్టం ఇంటినుంచి ఇంకో చుట్టం ఇంటికి మార్చుతూ పోయారు. "నీ పేరేంది?" అంటే కొత్త పేరు చెప్పాలి. "మీ నాయిన ఏడి?" అంటే "సచ్చిపోయిండు" అని చెప్పాలి. బతికున్న తండ్రిని చచ్చిపోయాడని చెప్పించారు ఆరేండ్ల పిల్లతో. తాత తిరిగి వచ్చి ఇంటి ముందు నిలబడితే, మా అమ్మ అలవాటుగా "మా నాయిన సచ్చిపోయిండు" అని చెప్పి తలుపు వేసుకుందట.

ఆమె పెద్దయ్యాక కూడా ఫారంలో తండ్రి పేరు రాయాల్సి వస్తే ఒక్క క్షణం ఆగేది. నేను చూశాను.

కోటగుట్ట | శనివారం, మధ్యాహ్నం 1:05

ఇవన్నీ ఎందుకు తవ్వుతున్నారో నాకు అర్థం కాదు. ఒక మతం వాళ్లు ఇంకో మతం వాళ్లని తరిమారు. అంతే కదా. ఆ మాట సూటిగా రాయండి.

సోషల్ సారు నల్లగొండ | శనివారం, మధ్యాహ్నం 1:40

అంతే కాదు నాయనా. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఏ మతం? ఆయన గూండాల చేతిలో చనిపోయిన కొమరయ్య ఏ మతం? దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కొట్లాడి ప్రాణం పోగొట్టుకున్న బందగీ ముస్లిం రైతు. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో హత్యకు గురైన షోయబుల్లాఖాన్ ఎవరు? రజాకార్ల దుర్మార్గం నిజం, వాళ్లు బైరాన్‌పల్లి ఊరి మీద పడి జనాన్ని చంపడం నిజం. కానీ ఊళ్లలో లెక్క నువ్వు చెప్పినంత సులువుగా లేదు. ఇక్కడ మనం మాట్లాడుతున్నది పిల్లల గురించి.

చందూరు నస్రీన్ | శనివారం, సాయంత్రం 5:20

రాయాలా వద్దా అని మధ్యాహ్నం నుంచి ఆలోచించాను. రాస్తున్నాను.

మా నానీ కూడా ఊరు విడిచిన పిల్లే. కానీ ఆమె పోయింది 1948 సెప్టెంబర్ తర్వాత, రజాకార్లు ఓడిపోయాక. మా నానీ వాళ్ల నాన్న రజాకారు కాదు, ఊళ్లో దర్జీ. అప్పుడు ఎవరు ఎవరని చూడలేదు. ఆమెకు ఆరేండ్లు, వాళ్లన్నకు తొమ్మిది. పక్కింటి సాలోళ్లు వీళ్లిద్దరినీ తమ ఇంట్లో దాచారు. ఎక్కడ దాచారో తెలుసా? మగ్గం గుంతలో. మన దిక్కు మగ్గాలు గుంట మగ్గాలు కదా, నేసేవాళ్లు గుంతలోకి కాళ్లు పెట్టి కూర్చుంటారు. పిల్లలిద్దర్నీ గుంతలో ముడుచుకుని కూర్చోమని చెప్పి, ఆ ఇంటామె పైన కూర్చుని నేస్తూనే ఉన్నది. మనుషులు వచ్చి ఇల్లంతా వెతికారు. ఆమె నేత ఆపలేదు. తొక్కుడుచెక్కలు పైకి పోతూ కిందికి వస్తూ మా నానీ మోకాళ్లకు తగులుతుండేవి. నానీ అనేది, "ఆమె కాళ్లు వణుకుతున్నాయి, చేతులు మాత్రం ఆగలేదు" అని.

ఎనిమిది రోజులు. తర్వాత రాత్రిపూట బండిలో గడ్డి కింద పడుకోబెట్టి హైదరాబాద్ దారి పట్టించారు. మళ్లీ ఊరికి రాలేదు. ఇల్లు ఏమైందో తెలియదు. ఆ సాలోళ్లావిడ ఇచ్చిన చేతిరుమాలు మొన్నమొన్నటిదాకా ట్రంకు పెట్టెలో ఉండేది.

ఈ చర్చలో ఆమెకు చోటుంటుందని అనుకుంటున్నా.

మూసీ ఒడ్డు | శనివారం, సాయంత్రం 5:45

ఉంటుంది అక్కా. ఈ చర్చ పేరులో "రజాకార్ల కాలం" అని పెట్టింది నేను. దానివల్ల మీరు మధ్యాహ్నం నుంచి ఆలోచించాల్సి వచ్చింది. నన్ను మన్నించండి. మీ నానీ మా నాయనమ్మ ఈడే.

సోషల్ సారు నల్లగొండ | శనివారం, సాయంత్రం 6:30

నస్రీన్ బేటీ, నువ్వు రాయకపోతే ఈ చర్చ సగమే అయ్యేది. సైన్యం వచ్చింది సెప్టెంబర్ 13న, నిజాం లొంగింది 17న. ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన హింసను విచారించడానికి ఢిల్లీ నుంచే పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ కమిటీ వచ్చింది. సంస్థానం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదిక 2013 దాకా జనం చూడటానికి లేదు. నేను పాఠం చెప్పిన ముప్పై ఏండ్లూ అది నాకూ తెలియదు. తెలియకుండానే పాఠం చెప్పాను, ఆ బరువు నాకుంది.

జనగామ జాడ | శనివారం, రాత్రి 8:00

మాది బైరాన్‌పల్లి పక్క ఊరు. అప్పట్లో మేమూ నల్లగొండ జిల్లానే. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద దాడి జరిగినప్పుడు మా పెద్దనాయిన మా ఊరి బయట చేను మంచె మీద ఉన్నాడు, పన్నెండేండ్లవాడు. అప్పుడు ఊళ్లలో పిల్లలకు కూడా కాపలా డ్యూటీ ఉండేది. దూరంగా దుమ్ము లేస్తే డప్పు కొట్టాలి. వడిసెల రాళ్లు ఏరిపెట్టడం, కారంపొడి కుండలు మోయడం కూడా పిల్లల పనే. ఆ రోజు ఆయన డప్పు కొట్టాడు. కానీ దాడి జరుగుతున్నది తమ ఊరి మీద కాదు. పొగ చూస్తూ సాయంత్రం దాకా కొడుతూనే ఉన్నాడట. ఇంకేం రాయను.

మూసీ ఒడ్డు | ఆదివారం, ఉదయం 7:30

రాత్రి మీ పోస్టులన్నీ నాయనమ్మకు చదివి వినిపించాను. మగ్గం గుంత దగ్గర ఆపమని చెప్పి, మళ్లీ మొదటి నుంచి చదవమన్నది.

తర్వాత కొన్ని కొత్త గుర్తులు చెప్పింది:

వాళ్లు బయలుదేరినప్పుడు జొన్నచేలు పాలకంకుల మీదున్నాయి. తిరిగి ఎప్పుడొచ్చారు అంటే "బతుకమ్మకు వచ్చినం" అన్నది. ఇంటి కప్పు కాలిపోయి మొండిగోడలున్నాయి. పాతర తవ్వి ధాన్యం ఎత్తుకపోయారు. అయినా ఆ మొండిగోడల నడుమనే తంగేడు పూలు పేర్చి ఆడారట.

దారిలో ఒక ఏరు దాటారు. వాళ్ల నాయిన ఒక్కొక్కరినే భుజాన ఎక్కించుకుని దాటించాడు. కరోడ్‌గిరి నాకా (సరిహద్దు సుంకం చౌకీ) ఉందని బాట మీద పోకుండా చేలకు అడ్డంబడి పోయారు.

ఇంకొకటి. "తెల్లారంగ ఎండ మొఖం మీద కొట్టింది, చెల్లె కండ్లకు కొంగు అడ్డం పెట్టిన" అన్నది.

ఆ ఊళ్లో బడి గంట ఉండేది, రైలు పట్టా ముక్క వేలాడదీసి కొట్టేవాళ్లు. వీళ్ల తమ్ముడిని బడికి పంపారు. గుడిసెల పిల్లలందరినీ ఒక వరుసలో వేరుగా కూర్చోబెట్టేవాళ్లట. వీళ్ల మాట విని అక్కడి పిల్లలు నవ్వేవాళ్లు. "అనుకున్నరు కదా అంటే నవ్విండ్రు, ఏందని అడిగితే మల్లా నవ్విండ్రు" అన్నది.

సోషల్ సారు నల్లగొండ | ఆదివారం, ఉదయం 8:15

అయితే మునగాల కాదు! నేను తప్పు చెప్పాను.

చూడు. జొన్న పాలకంకులంటే చలికాలపు పంట, అంటే 1947 డిసెంబరో 1948 జనవరో. బతుకమ్మకు రావడమంటే 1948 అక్టోబర్. తొమ్మిది నెలలు. ఇది సరిపోయింది. మీ ఊరికి మునగాల పడమర. పడమరకు నడిస్తే తెల్లవారి ఎండ వీపున కొట్టాలి, మొహాన కాదు. మీవాళ్లు తూర్పుకు నడిచారు. తూర్పున ఏరు ఏది?

హాలీ సిక్క | ఆదివారం, ఉదయం 8:22

పాలేరు! కోదాడ దాటితే రామాపురం, ఆ తర్వాత పాలేరు, అవతల గరికపాడు, జగ్గయ్యపేట. ఇప్పటికీ రెండు రాష్ట్రాలకు అదే సరిహద్దు.

సోషల్ సారు నల్లగొండ | ఆదివారం, ఉదయం 8:40

తమ్ముడూ, ఇంకొక సంగతి. నీ మొదటి పోస్టు మళ్లీ చదివాను. "పాలేటత్త" అన్నావు. ఇంట్లో పనిచేసే పాలేరు భార్య అయితే "పాలేరి అత్త" అవ్వాలి. "పాలేటి" కాదు. ఏరు మాటకే "ఏటి" అని వస్తుంది. ఏటి ఒడ్డు, ఏటి నీళ్లు. మూసీ ఏటి ఇసుక అంటాం కదా. పైగా మన దిక్కు పల్లెల్లో పాలేరు అనే మాటే వాడరు, జీతగాడు అంటారు. నాయనమ్మకు ఆ మాట ఎట్లా తెలుస్తుంది?

పాలేటత్త అంటే పాలేటి అత్త. పాలేరు ఒడ్డున ఉన్న అత్త. ఊరి జాడ ఇన్నేండ్లూ ఆమె నోట్లోనే ఉంది.

మూసీ ఒడ్డు | ఆదివారం, ఉదయం 8:58

సారూ, చేతులు వణుకుతున్నాయి టైపు చేస్తుంటే.

నాయనమ్మను అడిగాను, "పాలేటత్త అని ఎందుకు పిలిచేవాళ్లే?" అని. "ఏట్ల బట్టలుతుకుతుంటే కనపడేది కదరా. మా అమ్మ అట్ల పిలిచేది" అన్నది. ఇన్నేండ్లు మేమెవ్వరం అడగలేదు. పాలేరు భార్య అని మేమే అనుకున్నాం, ఆమె ఎప్పుడూ ఆ మాట అనలేదు.

పాలమూరు పిల్లగాడు | ఆదివారం, ఉదయం 9:20

ఆలస్యం చేయకు తమ్ముడూ. తీసుకుపో.

చందూరు నస్రీన్ | ఆదివారం, ఉదయం 10:05

వెళ్లినప్పుడు ఆమెకు ముందు కుర్చీ, నీళ్లు చూసుకోండి. మా నానీని ఊరికి తీసుకుపోదామని రెండేండ్లు అనుకున్నాం, పోయిన రంజాన్‌కు ముందే ఆమె పోయింది.

మూసీ ఒడ్డు | వచ్చే వారం ఆదివారం, రాత్రి 10:30

నిన్న పోయి వచ్చాం. నేను, మా నాయిన, నాయనమ్మ, నా బిడ్డ. కారులో మా ఊరి నుంచి అరగంట కూడా పట్టలేదు. వాళ్లకు రాత్రంతా పట్టిన దారి.

పాలేరు వంతెన ముందు కారు పక్కకు ఆపాం. లారీలు పోతున్నాయి. నాయనమ్మ రెయిలింగ్ పట్టుకుని కిందికి చూసి, "గింతేనా?" అన్నది. మళ్లీ, "మా నాయిన నడుం దాకా వచ్చినయి నీళ్లు. నా కాళ్లు తడిసినయి" అన్నది. చాలాసేపు నిలబడింది. "గిది దాటినంక మా నాయిన మాట్లాడిండు. అప్పటిదాంక ఒక్క మాట మాట్లాడలే" అన్నది.

అవతలి ఒడ్డు వెంబడి మూడు ఊళ్లు తిరిగాం. రెండింట్లో ఏమీ దొరకలేదు. మూడో ఊళ్లో రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన, తొంభైకి దగ్గరుంటాయి, చెవులు సరిగా వినపడవు. మా నాయిన చెవి దగ్గర గట్టిగా "నైజాం నుంచి వచ్చినోళ్లు, చింతతోపు" అని అరిస్తే తల ఊపాడు. "కాందిశీకులా? వచ్చారు. తోపు నిండా గుడిసెలే. మా అమ్మ రోజూ ఒక కుండ జావ ఎక్కువ కాసేది" అన్నాడు. తోపు ఇప్పుడు లేదు, పత్తి మిల్లు గోడౌన్ ఉంది. బడి కొత్తగా కట్టారు. రైలు పట్టా గంట ఉందా అని అడిగితే పెద్దాయన నవ్వి, "అది నేనూ కొట్టాను" అన్నాడు.

నాయనమ్మ ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది. "పాలేటత్త తెలుసా?" అని మూడుసార్లు అడిగింది. ఆయనకు తెలియదు. వాళ్ల ఊళ్లో ఆ పేరుతో ఆమెను పిలిచింది గుడిసెల వాళ్లే కదా, ఊరివాళ్లకు ఆమె వేరే పేరు. ఏటి దగ్గర ఇల్లు, పొడుగ్గా ఉంటుంది, ఎడమచేతికి వెండి కడియం ఉండేది అని ఆనవాళ్లు చెప్పింది. ఆయన ఆలోచించి ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పాడు. ఎవరైనా కావచ్చు.

తిరిగొచ్చేటప్పుడు కారెక్కమంటే ఎక్కలేదు. నా బిడ్డ మణికట్టుకు కొంగు ముడేసుకుని ఆ వీధిలో ఏటి దిక్కున్న చివరి ఇండ్ల దాకా నడిచింది. ఒక్కో ఇంటి ముందు ఆగి అరుగును, తలుపును చూసింది. నేను వెనకాల నడిచాను.

హాలీ సిక్క గారూ, ఒక హాలీ రూపాయి నాకు దొరుకుతుందా? ఎంతైనా ఇస్తాను. ఆమె అడుగుతోంది.

హాలీ సిక్క | వచ్చే వారం ఆదివారం, రాత్రి 10:52

డబ్బు మాట ఎత్తకండి. నా దగ్గర రెండున్నాయి. అడ్రసు మెసేజ్ చేయండి, రేపే పంపిస్తాను.

పేట కుర్రాడు | సోమవారం, ఉదయం 7:05

కొత్తగా చేరాను. మాది జగ్గయ్యపేట దగ్గర పాలేరు ఒడ్డు ఊరే, ఈ చర్చ ఎవరో పంపిస్తే రాత్రంతా చదివాను. మా జేజమ్మకు అత్తగారు ఏటి దగ్గర ఇంట్లో ఉండేవారని విన్నాను. ఆవిడ ఎడమచేతి కడియం మా మేనత్త దగ్గర ఉంది. మీరు చెప్పిన ఆవిడేనో కాదో తెలియదు. మా జేజమ్మ ఇప్పుడు మచిలీపట్నంలో బాబాయి వాళ్లింట్లో ఉంది. ఈ రోజు ఫోన్ చేసి అడిగి సాయంత్రం రాస్తాను.